ఎలుగు చెరువు చల్లబడిన రోజు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం మీగడ తీసేసిన పాలలాగా పలచగా ఉంది. ఎక్కడా మబ్బు లేదు. తూర్పు కొండ నెత్తిన మాత్రం టోపీ అంత తెల్లటి పొగ ఒకటి కూర్చుని ఉంది. అంబ్రుష్ పశువుల కొట్టం ముందు నిలబడి ఆ టోపీని చాలాసేపు చూశాడు. అది సాయంత్రానికి కిందికి దిగుతుంది, దిగితే వాన. ఊరి చివర బస్సు ఆగే చోట అతని గడ్డి మైదానం ఉంది. కోసిన గడ్డి అక్కడ ఒక వైపే ఎండి పరుచుకుని ఉంది. మధ్యాహ్నం దాన్ని తిరగేసి పొద్దుగూకేలోపు కుప్ప వేస్తే చలికాలం రెండు ఆవులూ బతుకుతాయి. వెయ్యకపోతే ఒక ఆవును అమ్ముకోవాలి.

సరిగ్గా ఆ రోజే భార్య తెరేజ్‌ని సొవాతా అనే స్నానాల ఊరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడి ఎలుగు చెరువు ఉప్పునీళ్లలో పన్నెండు రోజులు మునగడానికి ఆమెకు పింఛను ఆఫీసు టికెట్టు ఇచ్చింది. దరఖాస్తు పెట్టి మూడేళ్లయింది. తెరేజ్ కుడి తుంటి ఎనిమిదేళ్లుగా ఆమె మాట వినడం లేదు. పోయిన చలికాలం పాలు పితుకుతూ పక్కకు ఒరిగి, లేవలేక, అంబ్రుష్ వచ్చేదాకా ఆవు కాళ్ల దగ్గరే పడి ఉంది. వేసవిలో మునకలు వేసి రమ్మని, తగ్గకపోతే అక్టోబరులో తుంటి కోసి సరిచెయ్యాలని పట్నం డాక్టరు చెప్పాడు. తెరేజ్ అక్క బోర్బాలా అదే కోతకు నడిచి వెళ్లింది. తిరిగి వచ్చాక మంచం దిగలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరూ ఎత్తరు, ఇద్దరూ మర్చిపోరు.

అంబ్రుష్ లెక్క ఇలా ఉంది. ఏడింటి బస్సుకు వెళ్లాలి. తెరేజ్‌ని హోటల్లో దించాలి. ఆమె మొదటి మునక వేశాక రెండింటి బస్సు ఎక్కి, మైదానం దగ్గర దిగి, ఇంటికి వెళ్లకుండానే గడ్డి తిరగెయ్యాలి. అందుకని గడ్డి లాగే చెక్క దంతెను వెంట తీసుకున్నాడు. బస్సులో ఎవరికీ గుచ్చుకోకుండా దాని పళ్లకు గోనె చుట్టి తాడుతో కట్టాడు. నిలువెత్తు కర్ర మీద జానెడుకొకటి చొప్పున కత్తిగాట్లు ఉన్నాయి. కుప్ప ఎత్తు కొలవడానికి అతనే పెట్టుకున్న గాట్లవి.

"అదెందుకయ్యా?" అంది తెరేజ్.

"గడ్డికి."

"చెరువులో గడ్డి ఉండదు."

అంబ్రుష్ గోనె మీద ముడి ఇంకాస్త బిగించాడు. అతను మాటలు ఎక్కువగా వాడే మనిషి కాదు. పదేళ్ల కిందట ఒకసారి వాగు వంతెన మీద నిలబడి, "ఇది పోతుంది," అన్నాడు. నాలుగో రోజు పోయింది. దాని కింద దూలం పుచ్చిపోయిన సంగతి వంగి చూసిన ఎవరికైనా తెలిసేదే. వంగి చూసింది అతనొక్కడే. అప్పట్నుంచి చుట్టుపక్కల మూడు ఊళ్లలో అంబ్రుష్ నోరు తెరిస్తే జనం చేతిలో పని ఆపి వింటారు.

హోటల్లో డాక్టరమ్మ కాగితాలన్నీ చూసేసరికి పన్నెండు దాటింది. మొదటి మునక ఒంటిగంటలోపు వెయ్యాలని, పావుగంటకు మించి ఉండకూడదని చెప్పింది. ఒంటిగంట నుంచి మూడింటి వరకు చెరువుకు విశ్రాంతి. విజిల్ వేస్తారు, అందరూ బయటికి వచ్చెయ్యాలి. కొండల నుంచి వచ్చే మంచినీటి వాగులు చెరువు మీద మూతలా పరుచుకుంటాయి. ఎండ వేడి ఆ మూత కింద ఉప్పునీళ్లలో దాక్కుంటుంది. జనం కలియబెట్టిన నీళ్లు ఆ రెండు గంటల్లో మళ్లీ సర్దుకుంటాయి. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు ఇది నడక కంటే ముందు తెలుస్తుంది. గంట ప్రయాణం దూరంలో అరవై రెండేళ్లు బతికిన అంబ్రుష్ మాత్రం ఆ చెరువు ముఖం చూడటం అదే మొదలు. వేసవిలో గడ్డి ఉంటుంది, చలికాలంలో చెరువు గడ్డకడుతుంది. డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ అతను కిటికీలోంచి కొండ మీది టోపీని చూస్తున్నాడు.

తెరేజ్ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లింది. మేజోళ్లు విప్పడానికే ఆమెకు పావుగంట పడుతుంది. అంబ్రుష్ చెక్కల రేవు మీద మోకాళ్లూని కూర్చున్నాడు. కొత్త చోట ఆవును తొట్టి దగ్గరికి వదిలేముందు నీళ్లలో తన చెయ్యి పెట్టి చూడటం అతనికి అలవాటు. భార్య విషయంలో అంతకంటే తక్కువ చెయ్యడం అతనికి సబబుగా తోచలేదు. మణికట్టు దాకా చెయ్యి ముంచి తీశాడు.

రేవు పక్కనే విల్మా కొట్టు ఉంది. పిండిని చెక్క రోకలికి చుట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, పంచదార అద్ది అమ్ముతుంది. ఆమె అంబ్రుష్ వాళ్ల పక్క ఊరి పిల్ల. పోయిన వంతెన వాళ్ల ఊరిదే.

"ఎలా ఉంది బాబాయ్ మా చెరువు?" అంది రోకలి తిప్పుతూ.

"చల్లగా ఉంది," అన్నాడు అంబ్రుష్.

విల్మా చేతిలో రోకలి ఆగిపోయింది. తీపిరొట్టె ఒక వైపు మాడటం మొదలుపెట్టింది.

అంబ్రుష్ అది గమనించలేదు. తెరేజ్‌కి ఈత రాదు కనుక లోతు చూడాలని గోనె చుట్టిన కొసను పైన పట్టుకుని, దంతె కర్రను నీళ్లలోకి నిలువుగా దించాడు. అడుగు తగిలాక పైకి లాగి, తడిసిన మేరంతా అరచేత్తో తడిమాడు. పైన మూడు గాట్ల వరకు కర్ర చల్లగా ఉంది. ఆ కింద అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చగా ఉంది. ఓహో, ఇదన్నమాట సంగతి అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. విల్మా మళ్లీ అడగలేదు కాబట్టి చెప్పాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

విల్మా అడగడానికి కొట్టులో లేదు. మాడిన రొట్టెను రోకలితో సహా వదిలేసి, హోటల్ దుప్పట్లు ఉతికే ఆవిడ దగ్గరికి పరుగెత్తింది. కొండ ఊళ్లలో వడగళ్లంటే ఎంత భయమో, సొవాతాలో చెరువు చల్లబడుతుందంటే అంత భయం. ఆ వేడి మీదే ఊరంతా అన్నం తింటోంది. వంతెన సంగతి చెప్పిన అంబ్రుష్ చెరువు చల్లగా ఉందన్నాడని విల్మా చెప్పింది. చెరువు చల్లబడుతోందని ఉతికే ఆవిడ వంటవాడికి చెప్పింది. పడక కుర్చీలు అద్దెకిచ్చే మనిషి దాకా ఆ మాట వచ్చేసరికి చెరువు చల్లబడి చాలా రోజులైంది, ఇన్నాళ్లూ దాచారు. ఒడ్డున గాట్ల కర్రతో ఒక మనిషి కొలతలు తీస్తున్నాడని, పరికరాన్ని గోనెలో దాచాడని, అడిగితే నోరు విప్పడం లేదని చూసినవాళ్లు చెప్పారు. అది నిజమే. దాంతో అతను రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరని తేలింది. మామూలు మనిషైతే ఏదో ఒకటి మాట్లాడేవాడు.

పన్నెండు ముప్పావుకల్లా బస ఇళ్ల యజమానురాళ్లు ఏప్రన్లతోనే రేవుకు వచ్చారు. చెరువును అమ్ముకుని బతికే మనుషులు. వాళ్లలో చాలామంది పెళ్లయ్యాక మళ్లీ అందులో కాలు పెట్టలేదు. ఇప్పుడు ఎవరి మాటా నమ్మలేక, ఎవరి చెయ్యి వాళ్లే పెట్టి చూసుకున్నారు. పైన చల్లగానే ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పైన చల్లగానే ఉంటుందని వాళ్లకు తెలుసు. భయంలో ఆ తెలివి ఎటు పోయిందో పోయింది.

సరిగ్గా ఒంటిగంటకు కాపలా మనిషి డేనెష్ విజిల్ ఊదాడు.

మామూలు రోజుల్లో ఆ విజిల్‌కు ఎదురుండదు. ఆ రోజు నీళ్లలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడే ఎందుకు పొమ్మంటున్నావ్?" అని అరిచాడు మెడదాకా తేలుతున్న ఒక లావుపాటి మనిషి.

"రోజూ ఇప్పుడే పొమ్మంటాను కదయ్యా," అన్నాడు డేనెష్.

"అంటే రోజూ దాస్తున్నారన్నమాట."

ఆ మాటతో ఎవరూ బయటికి రాలేదు. పైగా ఒడ్డున ఉన్నవాళ్లు దిగారు. యజమానురాళ్లు ఏప్రన్లు తీసి కొందరు, తియ్యకుండా కొందరు దిగారు. వంటవాడు పాలు కాచేటప్పుడు పెట్టే థర్మామీటరుతో దిగాడు. వేడి ఎక్కడుందో కాళ్లతో వెతుకుతూ మూడు వందల మంది ఆ చెరువును తొక్కారు. ఇక్కడ ఉందని ఒకరంటే పదిమంది అటు తోసుకుపోయారు. వాళ్లు చేరేసరికి అక్కడ ఉండేది కాదు. డేనెష్ ఊది ఊది, చివరికి చొక్కాతోనే దూకి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి బయటికి లాగబోయాడు. వాళ్లు గింజుకుని కాళ్లు కొట్టుకున్నారు. అడుగున ఏళ్ల తరబడి కదలని నల్ల బురద పైకి లేచింది. అంబ్రుష్ ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. అటక మీద నాలుగు రోజులు తోడుకున్న మీగడ కుండలో ఎవరో తెడ్డు పెట్టి తిప్పుతున్నట్టు అనిపించింది.

అప్పుడు చూశాడు తెరేజ్‌ని. మరదలి దగ్గర అడిగి తెచ్చుకున్న నీలం ఈత దుస్తుల్లో, జుట్టు గుడ్డలో కట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. విజిల్ వినిపించినప్పుడు ఆమె ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి ఉంది. మెట్టు ఇంకా నీళ్లను తాకలేదు. ఆ కాలు వెనక్కి తీసుకుని, పక్కనున్న బల్ల మీద నెమ్మదిగా కూర్చుంది.

అంబ్రుష్ దగ్గరికి వెళ్లాడు. "దిగు."

"విజిల్ వేశారు కదా."

"అందరూ దిగుతున్నారు."

"వాళ్లిష్టం. మూడింటికి దిగుతాను. మూడేళ్లు ఆగినదాన్ని, రెండు గంటలు ఆగలేనా?" అంది తెరేజ్. మోకాళ్ల మీద తువ్వాలు సరిచేసుకుంది.

ఆ మూడు వందల మందిలో విజిల్ మాట విన్నది ఆమె ఒక్కతే. ఆ మధ్యాహ్నం సొవాతాలో ఒంటికి వెచ్చటి నీళ్లు తగలనిది కూడా ఆమె ఒక్కదానికే.

రెండింటికి పై రోడ్డు మీద బస్సు మలుపు తిరిగి పోవడం అంబ్రుష్ చూశాడు. కొండ మీది టోపీ భుజాల దాకా దిగింది. ఆవుల్లో ఏది ఎక్కువ పాలిస్తుందో అతను ఆలోచించడం మొదలుపెట్టాడు.

రెండున్నరకు స్నానాల డైరెక్టరు వచ్చాడు. పడవలో మధ్యకు వెళ్లి తాడుకు కట్టిన థర్మామీటరు దించాడు. పొద్దున ముప్పై ఆరు డిగ్రీలున్న చోట ఇరవై రెండు చూపించింది. ఇంకో చోట దించాడు, అక్కడా అంతే. పైనా కిందా ఒకటే నీళ్లు, ఒకటే రంగు. ఒడ్డున యజమానురాలు ఒకామె ఏప్రన్ పిండుకుంటూ ఏడ్చింది. అంబ్రుష్ ఇంజనీరుగారు చెప్పింది నిజమైంది.

డైరెక్టరు టోపీ తీసి అతని ముందు నిలబడ్డాడు. "ఇంజనీరుగారూ, మీరు ముందే కనిపెట్టారట. మేం కళ్లుండీ చూడలేకపోయాం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

అంబ్రుష్ ఇంజనీరు కాదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ అడిగింది ఆ సంగతి కాదు. అడిగిన దానికి అతని దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు అతనికి బాగా తెలిసినదే.

"కదపకూడదు," అన్నాడు.

డైరెక్టరు రాసుకున్నాడు. "ఎన్నాళ్లు?"

అంబ్రుష్ కొండను చూశాడు. వాగు మీద వానకోయిలలు నీళ్లకు రాసుకుంటూ ఎగురుతున్నాయి. ఇది మూడు రోజుల వాన. ఆ వాననీళ్లు మూత వేస్తాయి. ఆ తర్వాత ఎండ వేడిని లోపలికి పంపాలి. మనిషి అడుగుతున్నాడు, తెలిసినప్పుడు తప్పు చెప్పకూడదు.

"పద్నాలుగు రోజులు. ఒక్క కాలు కూడా పెట్టకూడదు."

అయిదు నిమిషాల్లో రేవుకు అడ్డంగా తాడు కట్టారు. పద్నాలుగు రోజులు ప్రవేశం లేదని హంగేరియన్‌లోను, రొమేనియన్‌లోను రాసిన పలక వేలాడదీశారు. తెరేజ్ బల్ల మీంచి లేచి, చేతికర్ర ఊనుకుంటూ వచ్చి, ఆ పలకను రెండు భాషల్లోనూ చదివింది.

టికెట్టు ఆ రోజు మొదలై పన్నెండో రోజుకు అయిపోతుందని, తేదీ మార్చే అధికారం తనకు లేదని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, మూడేళ్లు పట్టొచ్చు. కావాలంటే ఈ పన్నెండు రోజులూ హోటల్లో ఉండి భోజనం చెయ్యవచ్చు. తిని పడుకోవడానికైతే తన ఇంట్లో మంచం ఉందని తెరేజ్ చెప్పింది. మళ్లీ మేజోళ్లు వేసుకోవడానికి గదిలోకి వెళ్లింది.

డేనెష్ తడి చొక్కాతో వచ్చి అంబ్రుష్ పక్కన కూలబడ్డాడు. దంతె కర్రను, దాని మీద ఆరుతున్న తడి గీతను చూశాడు.

"పెద్దాయనా, కర్ర అడుగుదాకా దించావా?"

"దించాను."

"కింద వెచ్చగా ఉందని తెలిసిందా?"

"తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

డేనెష్ మెడలోంచి విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ చెరువును చూస్తూ కూర్చున్నారు. చూడటానికి ఏమీ లేదు.

సాయంత్రం బస్సు ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. మైదానం దగ్గర దిగేసరికి గడ్డి మీద వాన నిలబడి కురుస్తోంది. అంబ్రుష్ గోనె విప్పి దంతె పట్టుకుని గట్టు మీద కాసేపు నిలబడ్డాడు. మళ్లీ గోనె చుట్టేశాడు. తెరేజ్ అప్పుడు అంది.

"నలభై ఏళ్లయింది నీతో కాపురానికి వచ్చి. నాతో ఎప్పుడైనా ఇన్ని మాటలు మాట్లాడావా అంబ్రుష్?"

ఇంటికి వెళ్లేదాకా అతను ఆలోచించాడు. నిజమే, ఎప్పుడూ మాట్లాడలేదు.

వాళ్ల ఊరి చివర ఉప్పునీళ్ల బావి ఉంది. దానికి తాళం ఉంటుంది, మంగళవారం, శుక్రవారం తీస్తారు. ఇంటికింత అని వాటా. ఊరగాయకు, పంది మాంసం ఊరబెట్టడానికి జనం పట్టుకెళతారు. కీళ్లనొప్పులున్నవాళ్లు కాచుకుని అందులో కూర్చుంటారు కూడా. ఆ నీళ్లు కాచి పెట్టమని తెరేజ్ ఎనిమిదేళ్ల కిందటే అడిగింది. ఉప్పు రాగి డేగిసాను తినేస్తుందని అంబ్రుష్ అన్నాడు. ఆ డేగిసా అతని తాతది. అందులో రేగుపళ్ల జాము తప్ప ఏదీ కాచకూడదని వాళ్ల నియమం.

శుక్రవారం పొద్దున అతను బండి మీద రెండు పీపాలు కట్టుకుని, వానలోనే బావికి వెళ్లి వచ్చాడు. కొట్టం ముందు చూరు కింద డేగిసా పెట్టి పొయ్యి రాజేశాడు. పండక్కి కోసిన పందిని పడుకోబెట్టి వేడినీళ్లు పోసే పొడుగాటి చెక్క తొట్టిని లోపలికి లాగాడు. తెరేజ్ గుమ్మంలో నిలబడి చూసింది.

"అది పంది తొట్టి కదయ్యా."

"కడిగాను."

ఆమె చేతికర్ర గోడకు ఆనించింది. అతను మోచేతి దాకా చెయ్యి ముంచి ముందు పైన చూశాడు, తర్వాత అడుగున చూశాడు. అప్పుడు పక్కకు తప్పుకున్నాడు.

అలా పన్నెండు రోజులు గడిచాయి. వాన అతను చెప్పినట్టే మూడు రోజులు పడి ఆగింది. తడిసిన గడ్డిలో సగం నల్లబడింది. చిన్న ఆవును కొనడానికి మనిషి వచ్చి చూసి వెళ్లాడు. తొమ్మిదో రోజు నిండు బకెట్టు ఎత్తుతుంటే అంబ్రుష్ నడుములో ఏదో టక్కుమంది. పదకొండో రోజు డేగిసాకు అడుగున చిల్లి పడింది. పన్నెండో రోజు నీళ్లు పాల గిన్నెల్లో కాచాడు, వంగినవాడు వంగినట్టే. తెరేజ్ నొప్పి పోలేదు. అక్టోబరు తేదీ గోడ మీద కాలెండరులో అలాగే ఉంది. కానీ పదమూడో రోజు ఆమె కర్ర గుమ్మం దగ్గర మర్చిపోయి కోళ్ల గూడు దాకా వెళ్లింది. గుడ్లు తీసుకుని వచ్చాక గాని ఆమెకు కర్ర గుర్తు రాలేదు. అంబ్రుష్ కిటికీలోంచి చూశాడు. అతనికి అప్పటికి నిటారుగా నిలబడటం కుదరడం లేదు.

వారం తర్వాత సొవాతా నుంచి ఉత్తరం వచ్చింది. తెరేజ్ పొయ్యి మీది చిక్కుడుగింజల పుల్ల చారు దించి, రెండు పళ్లేల్లో పోసి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. చెరువు సరిగ్గా పద్నాలుగో రోజు ముప్పై అయిదు డిగ్రీలకు వచ్చింది. ఇంజనీరు అంబ్రుష్‌గారు చేసిన మేలుకు స్నానాల డైరెక్టరు కృతజ్ఞతగా పన్నెండు మునకలు, హోటల్ గది, మూడు పూటల భోజనం కానుకగా ఇస్తున్నారు. సోమవారం నుంచి రావాలి. కానుక వారి పేరు మీద మాత్రమే చెల్లుతుంది, మరొకరికి మార్చడానికి వీల్లేదు. తెరేజ్ ఆఖరి వాక్యం ఇంకోసారి చదివింది.

సోమవారం రెండో కోత గడ్డి తిరగెయ్యాలి. ఇద్దరికీ అది గుర్తొచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న దంతె వైపు ఇద్దరూ ఒకేసారి చూశారు. తెరేజ్ లేచి దాన్ని తీసి, తన పొలం బూట్లు ఉండే మూలకు చేర్చి పెట్టింది. ఆ బూట్లు ఎనిమిదేళ్లుగా దుమ్ము పట్టి ఉన్నాయి.

"వెళ్లు. నడుం బాగు చేసుకుని రా," అంది. "అక్కడ నీళ్లలో దిగు, తేలు, విజిల్ వేస్తే బయటికి రా. ఎవరేం అడిగినా తల ఊపు."

అంబ్రుష్ తల ఊపాడు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. బయట ఆకాశం తేటగా ఉంది, కొండ నెత్తిన ఏమీ లేదు. ఇద్దరూ చెంచాలు తీసుకుని తిన్నారు. తెరేజ్ రెండు మూడుసార్లు తలెత్తి అతని ముఖంలోకి చూసింది. అతను పళ్లెం అడుగు కనిపించేదాకా తల వంచుకుని తిన్నాడు.

చారు చల్లగా ఉంది. అంబ్రుష్ ఆ మాట అనలేదు.